ప్రేమానందం కారుకు శనివారం తలంటు

మదనపల్లెలో ఈరోజు ఏ వారమో తెలుసుకోవడానికి క్యాలెండర్ చూసేవాళ్లు ఉన్నారు. ప్రేమానందం ఉండే వీధివాళ్లకు ఆ కర్మ పట్టలేదు. పొద్దున్నే ఆ ఇంటి ముందు తెల్ల ఎస్టీమ్ కారు బోనెట్ లేచి ఉంటే అది శనివారం. లేవకపోతే మిగిలిన వారాల్లో ఏదో ఒకటి; అది ఏదైతే ఎవరికేం?

మిషను ఆసుపత్రి జీపు తోలి తోలి రిటైరైన మనిషి ప్రేమానందం. ఊరు వదిలిపోతున్న డాక్టరుగారి దగ్గర ఆ కారు కొన్నాడు. అప్పటికే అది పాతది. ఇప్పుడు దాని వయసు కార్లు చాలామటుకు బిందెలుగా, కిటికీ ఊచలుగా మారి రెండో జన్మలో ఉన్నాయి. ఇది మాత్రం మొదటి జన్మలోనే ఉంది, శనివారం శనివారం తలంటు పోయించుకుంటూ.

తలంటు అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. ప్రేమానందం దానికి ఏ పేరూ పెట్టలేదు. తెల్లవారుతూనే చిల్లుల బనీను తొడుక్కుని, ఇంజను చల్లగా ఉన్నప్పుడే బోనెట్ ఎత్తుతాడు. ఆయిల్ పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి లాగి, ఎండకు ఎత్తి పట్టుకుని, మేలిమి బంగారం చూసే షావుకారులా ఒక కన్ను మూస్తాడు. వేలికి రాసుకుని వాసన చూస్తాడు. నాలుకకు రాసుకుంటాడని కూడా అంటారు గాని, అది గిట్టనివాళ్ల మాట. రేడియేటర్ మూత తిప్పి నీళ్లు చూస్తాడు. బెల్టును బొటనవేలితో నొక్కి, ఎంత లొంగుతోందో చూస్తాడు. బ్యాటరీ కొనల మీద తెల్లబూజు పట్టి ఉంటే వేన్నీళ్లతో కడిగి వాజిలైన్ పూస్తాడు. చలికాలంలో భార్య యేసమ్మ పెదాలకు దొరకని వాజిలైన్ ఆ బ్యాటరీకి ఏడాది పొడుగునా దొరుకుతుంది.

నాలుగు చక్రాలకు గాలి చూసుకున్నాక డిక్కీ తెరిచి స్టెప్నీకి కూడా చూస్తాడు. “స్టెప్నీకి గాలి సూడనోడు ఆపదలో దేవుడా అనకూడదప్పా” అంటాడు. చివరగా గాలి ఫిల్టర్ ఊడదీసి గోడకేసి తడతాడు. అందులోంచి రాలిన ఎర్రమట్టిని యేసమ్మ పాత బకెట్లోకి పట్టి మిరపనారు పోసింది. బి.కొత్తకోట రోడ్డు దుమ్ము కలిసిన వారం కాయకు కారం ఎక్కువని ఆమె లెక్క.

ఇంత చేసినందుకు ఫలం లేకపోలేదు. లోకేష్ అనే మెకానిక్కు ఇంత పాత కారు ఎదురుగా ఉంటే చాలు, జీవితం వెళ్లిపోతుందని లెక్కేసుకుని సరిగ్గా ఆ ఇంటి ఎదుట షెడ్డు పెట్టాడు. ఎదురు చూశాడు. పానాలూ సుత్తులూ తుప్పు పట్టేదాకా ఎదురు చూసి, చివరికి షెడ్డులో స్టౌ పెట్టి టీ కాచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. “ఈయప్ప నా కడుపు కొట్టి అన్నం పెట్టినాడు” అంటాడు, టీ వడగడుతూ.

ఇంకో సంగతి. ఒకసారి ఆ బోనెట్ కింద పిల్లి ఈనింది. ప్రేమానందం ఎరగక నిమ్మనపల్లె దాకా పోయివచ్చాడు. వచ్చి బోనెట్ ఎత్తితే పిల్లికూనలు పాలు తాగుతూనే ఉన్నాయి. ఇంజను అంత నెమ్మదిగా నడిచిందన్నమాట. నమ్మనివాళ్లు ఆ పిల్లిని అడగవచ్చు, లోకేష్ అంగడి దగ్గరే తిరుగుతుంటుంది.

ఈ జాగ్రత్త ఆయనకు పుట్టుకతో రాలేదు, ఒక చీరతో వచ్చింది. ఆసుపత్రి జీపు తోలే రోజుల్లో వాల్మీకిపురం వైపు నుంచి కాన్పు కేసు తెస్తుంటే దారిలో ఫ్యాన్ బెల్ట్ తెగింది. వెనక సీట్లో కూర్చున్న కొత్త నర్సమ్మ ఒక్క మాట మాట్లాడకుండా తన చీర కొంగు సర్రున చింపి, పేని, ముడేసి చేతికిచ్చింది. ఆ కొంగే బెల్టుగా జీపు ఆసుపత్రి చేరింది. బిడ్డ క్షేమం, తల్లి క్షేమం, చీర మాత్రం పోయింది. ఆ నర్సమ్మ యేసమ్మ. తర్వాత ప్రేమానందాన్నే పెళ్లి చేసుకుని, ఆ చీర గురించి నాటి నుంచి నేటిదాకా దెప్పుతూనే ఉంది. అప్పటి నుంచి ప్రేమానందం బెల్టును తెగేదాకా ఉంచడు. ఒంట్లో బలం ఉండగానే దానికి రిటైర్మెంట్ ఇస్తాడు. ఆ వీధిలో సగం మంచాల కాళ్లు, టమాటా కట్టెలు ఆయన రిటైర్ చేసిన బెల్టులతోనే కట్టి ఉంటాయి.

ఇలా సాగిపోతున్న కారుకు ప్రేమానందం చెల్లెలి కూతురి పెండ్లి రూపంలో గండం వచ్చింది.

ఆ పిల్ల కరుణ. వరుడు కుప్పం అబ్బాయి, కిషోర్. పెండ్లి కుప్పం చర్చిలో. ఇక్కడి కుటుంబాల్లో పెండ్లికూతుర్ని తీసుకువచ్చేవాడు మేనమామ. పూర్వం గంపలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చేవాళ్లు. చర్చికి పోయాక గంప పోయింది గాని మేనమామ పోలేదు. ఆయన బండిలోనే పిల్ల రావాలి. అందుకని ప్రధానం నాడు భోజనాల దగ్గర ప్రేమానందం, “పిల్లను మన ఎస్టీమ్‌లో తీసకపోదాం” అన్నాడు.

కరుణ తండ్రి శరత్ బాబు చేతిలోని చికెన్ ముక్క విస్తట్లో పెట్టేశాడు. ఆయనకు ఈమధ్యే కొత్త కారు వచ్చింది. తలుపు తీస్తే ఒకసారి, వేస్తే ఒకసారి అది మాట్లాడుతుంది.

“బావా, నీ డొక్కు కారు కుప్పం దాకా పోతాదా? యాడో అడవిలో నిలబడిపోతే పిల్ల ఏనుగు మీద పోవాల్సొస్తాది చర్చికి.”

బంతిలో నవ్వు మొదలైంది. పాస్టరుగారు కూడా సాంబారు చూసుకుంటూ నవ్వారు.

“అది నిలబడదప్పా” అన్నాడు ప్రేమానందం.

“నిలబడితే?”

“నిలబడితే సోమారం పొద్దున్నే పాత ఇనుమోల్లకు ఇచ్చేస్తా. నా చేత్తోనే.”

నవ్వు ఆగిపోయింది. వడ్డించేవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని నిలబడ్డారు.

“దానికది నిలిచిపోతేనే కాదు బావా” అన్నాడు శరత్ బాబు, అవకాశం వదలకుండా. “దారిలో నువ్వు దిగి బోనెట్ ఎత్తినా, దాని మూతి మీద చెయ్యేసినా, ఓడినట్టే. రిపేరీ రిపేరీనే.”

“సరే. మరి చేరితే?”

“చేరితే... నాలుగు చక్రాలూ నా చేతుల్తో కడుగుతా. నీ వాకిట్లో. అందరూ సూస్తాండగా.”

యేసమ్మ పెరుగు వడ్డిస్తూ, “కడిగేటప్పుడు కాళ్లకు మాదిరి వేళ్ల సందులు కూడా కడగాల శరత్ బాబూ” అంది.

ఇక ఆ పెండ్లి వరకు ప్రేమానందానికి నిద్ర సరిగా లేదు. బయటికి మాత్రం ఏమీ తెలియనివ్వలేదు. పెండ్లి గురువారం కాబట్టి ఆ వారం బుధవారాన్నే శనివారం చేసుకున్నాడు. బ్రేక్ ఆయిల్ చూశాడు. రేడియేటర్ నీళ్లు పూర్తిగా మార్చాడు. బెల్టు కొత్తదైనా ఇంకో కొత్తది వేసి, పాత కొత్తదాన్ని డిక్కీలో పెట్టుకున్నాడు. టైర్ల సందుల్లో ఇరుక్కున్న చిన్న రాళ్లను స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటే తీశాడు. కారులో ఇక చూడవలసింది ఏదీ మిగల్లేదు. సాయంత్రానికి తాళం వేసి, తాళం చెవి జేబులో వేసుకుని, “ఇంక దీన్నెవురూ ముట్టుకోకూడదు” అన్నాడు.

గురువారం తెల్లారేసరికి పూల హనుమంతు మొత్తం ముట్టుకున్నాడు.

పెండ్లి కారుకు పూలు లేకపోతే ఎట్లా అని యేసమ్మే పిలిపించింది. హనుమంతు కైలాసం కట్టమన్నా కట్టగలడు. పైకప్పు మీద మల్లెల పందిరి వేశాడు. తలుపులకు గులాబీలు గుచ్చాడు. కారు మూతికి మాత్రం తన జీవితంలోని ప్రతిభంతా ధారపోశాడు. థర్మాకోల్‌తో మొద్దుగా, వెడల్పుగా హృదయం కోసి, దాన్నిండా పచ్చచామంతులు గుచ్చి, మధ్యలో కరుణ, కిషోర్ అని ఎర్రచామంతులతో రాసి, మూతి జాలీ ఒక్క కన్నం కూడా కనబడకుండా తీగలతో బిగించి కట్టాడు. చుట్టూ సందులున్న చోట మరువం దూర్చాడు. చివరగా చక్రం కింద నిమ్మకాయ పెట్టబోయాడు.

“వద్దప్పా” అన్నాడు ప్రేమానందం. “నిమ్మకాయ చేసే పని నేను నిన్ననే స్పానర్‌తో చేసినా.”

ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. టైర్లు చూశాడు. కింద వంగి ఆయిల్ చుక్కలేమన్నా పడ్డాయా చూశాడు. హృదయం చూసి, బాగుందన్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. కరుణ తెల్లచీర, ముఖం మీద తెల్లటి జాలీ ముసుగుతో వెనక కూర్చుంది, పక్కన యేసమ్మ. శరత్ బాబు కోటు తొడుక్కుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన కొత్త కారు చుట్టాలతో వెనకాల వస్తుంది. తను మాత్రం ఇందులోనే, సాక్షిగా.

పుంగనూరు దారిలో కొంత దూరం ఎస్టీమ్ పెండ్లికి పోతున్నట్టే పోయింది. ఎండ ఎక్కింది. పిల్ల కోసం ఏసీ వేశారు. ఒక ఎత్తు ఎక్కుతుండగా ప్రేమానందం కన్ను ఇంజను వేడి చూపే ముల్లు మీద పడింది. ఎన్నో ఏళ్లుగా ఆ ముల్లు మధ్యకు కొంచెం కింద పడుకుని ఉండేది. అది లేచి కూర్చుంది. ఆయన చూస్తుండగానే నిలబడబోతోంది.

నీళ్లు నిన్ననే పోశాడు. బెల్టు కొత్తది. ఫ్యాన్ తిరుగుతున్న శబ్దం వినిపిస్తూనే ఉంది. గొట్టాలు బిగువుగా ఉన్నాయి. మనసులోనే బోనెట్ ఎత్తి అన్నీ తడిమి చూసుకున్నాడు. ఎక్కడా తప్పు లేదు. ముల్లు మాత్రం పోతూనే ఉంది. ఇది ఎర్రగీత తాకితే ఇంజను పోతుంది, ఇంజను పోతే సోమవారం పాత ఇనుము. ఆపి దిగితే కూడా సోమవారం పాత ఇనుమే.

చెయ్యి చాచి ఏసీ ఆపాడు. ఆపి, హీటర్ పూర్తిగా తిప్పాడు. హీటర్ వేస్తే ఇంజను వేడి కొంత కారు లోపలికి వచ్చేస్తుంది. లోపల మనుషులున్నారు, నిజమే. మనుషులకు బోనెట్ లేదు.

“మామా, వేడిగాలి వస్తాండాది” అంది కరుణ వెనక నుంచి.

“చలిగాలి పడదమ్మా పెండ్లికూతురికి. గొంతు పట్టేస్తాది. పాస్టరు అడిగినప్పుడు సమ్మతమే అని గెట్టిగా అనాల కదా.”

శరత్ బాబు కోటు లోపల నుంచి నీళ్లు కారసాగాయి. “బావా, ఇది కారా, ఇటికెల బట్టీనా?”

“కొత్త కోటు కదా, ఉక్కగా ఉంటాది.”

“యాల ఏసీ ఆపినావు? ఏమన్నా అయిందా?”

“ఏమైతాది? ఎత్తు కదా. ఎత్తులో ఏసీ ఆపితే బండికి మంచిది.”

“ఇప్పుడు దిగుడులో ఉండాం బావా.”

“దిగినాక ఎత్తు వస్తాదప్పా. ముందే ఆపినా. మెయింటెనెన్స్ అంటే అదే.”

యేసమ్మ విసనకర్రగా పెండ్లి పాటల పుస్తకం ఊపుతూ, ముందు అద్దంలో మొగుడి కళ్లు చూస్తూ కూర్చుంది. ఆ కళ్లు ఆమెకు తెలుసు. వాల్మీకిపురం దారిలో బెల్టు తెగిన రోజు కూడా అవి అట్లాగే ఉన్నాయి. చీర కొంగు దగ్గరికి లాక్కుని బొడ్లో దోపుకుంది, ముందు జాగ్రత్తగా.

పుంగనూరు బజారులో జనం ఎక్కువ, నడక తక్కువ. గాలి లేక ముల్లు ఎర్రగీతకు వేలెడు దూరంలోకి వచ్చింది. ఊరు దాటారు. ఇంజను తట్టుకునేది ఇక ఓ మైలు, మహా అయితే రెండు. ప్రేమానందం చేతులు స్టీరింగ్ మీద చెమటకు జారుతున్నాయి. పిల్లుల్ని, బెల్టుల్ని, మిరపనారును తలుచుకున్నాడు.

“అత్తా, నావల్ల కాదు” అంది కరుణ. “ముక్కు మూతీ మూసి కట్టినారు. ఊపిరి ఆడలేదు.”

“తీసేయమ్మా ఆ ముసుగు. ముక్కు మూసుకుంటే ఒళ్లు కాలకుండా ఏమయితాది? చర్చి దగ్గర మళ్లీ ఏసుకుందువు.”

కరుణ ముసుగు పైకెత్తి, హమ్మయ్య అని గాలి పీల్చుకుంది. అద్దంలో ప్రేమానందం అది చూశాడు. ముసుగు. ముక్కు. మూసి కట్టినారు. కళ్లు అద్దం మీద నుంచి బోనెట్ మీదుగా ముందుకు పోయాయి. బోనెట్ చివర ఎత్తుగా పచ్చచామంతులు కనిపించాయి. బయటినుంచి గాలి వచ్చే ఒక్క దారినీ హనుమంతు హృదయం పెట్టి మూసేశాడు. కారు ఎక్కడా చెడిపోలేదు. దానికి ఊపిరి ఆడడం లేదు, అంతే.

తెలిసింది. తెలిసి ఏం లాభం? దిగి మూతి మీద చెయ్యేస్తే ఓడినట్టే. చెయ్యేయమని ఇంకొకరిని అడిగితే బండి కాలిపోతోందని ఒప్పుకున్నట్టే.

అప్పుడు మామిడితోపు మలుపులో ఆవులు కనబడ్డాయి. పుంగనూరు ఆవులు. ఎత్తు తక్కువ, గర్వం ఎక్కువ. నిలబడితే గడ్డం ఎస్టీమ్ బోనెట్‌కు సరిగ్గా ఆనుతుంది; ఆ కారును తయారుచేసినవాళ్లు వాటి కొలతలు తీసుకున్నారా అన్నట్టు ఉంటుంది. అవి రోడ్డు అవతలి అంచున, దారికి అడ్డం లేకుండా, మర్యాదగా పోతున్నాయి. వెనకాల కట్టె పట్టుకుని రెడ్డెమ్మ అనే ఆమె వస్తోంది.

ప్రేమానందం కారును మెల్లగా వాటి వైపుకు పోనిచ్చి, ముందు నడుస్తున్న ఆవు ముక్కుకు జానెడు దూరంలో ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

“హారన్ కొట్టు బావా!” అన్నాడు శరత్ బాబు.

“మూగజీవాలప్పా. బెదురుతాయి.”

ముందున్న ఆవు హృదయాన్ని చూసింది. వాసన చూసింది. కిషోర్ పేరు తినడం మొదలుపెట్టింది. రెండోది కరుణ పేరు వైపు నుంచి వచ్చింది. మిగిలినవి అక్షరాలు పట్టించుకోకుండా ఎక్కడ పడితే అక్కడ తిన్నాయి. కారు ముందు అంతా కొమ్ములే. మరువం కూడా మిగల్లేదు.

“పిల్ల పెండ్లి పూలు బావా! తోలు వాటిని!”

“దిగకూడదని నువ్వే కదా అంటివి.”

అంతలో రెడ్డెమ్మ పరుగున వచ్చింది.

“ఓయప్పా! ఈ తెల్లటిదేంది, తర్మాకోలా? ఇది తింటే నా ఆవు కడుపుబ్బి సస్తాది! ఎవుడు కట్టినాడు దీన్ని, ఆడి చేతులు పడిపోను!” అంటూ, తీగలు ఫట్‌ఫట్‌మని తెంపి, పూలు పోయిన హృదయాన్ని ఊడలాగి కిటికీలోంచి శరత్ బాబు ఒళ్లో పడేసింది. “నీదేనా? పెట్టుకో.”

శరత్ బాబు దాన్ని పెట్టుకున్నాడు. వేరే దారి లేదు.

“తల్లీ, పెండ్లికి పోతాండాము” అన్నాడు ప్రేమానందం. “నీ ఆవులు సల్లగా ఉండాల.”

కారు కదిలింది. గాలి మూతి జాలీలోంచి రివ్వున లోపలికి దూరింది. ముల్లు ఎర్రగీత దగ్గర కాసేపు ఆలోచించి, మెల్లగా వెనక్కి తగ్గి, పలమనేరు వచ్చేసరికి తన పాత చోట పడుకుంది. ప్రేమానందం హీటర్ కట్టేసి ఏసీ వేశాడు.

“ఇప్పుడు చలిగాలి పడతాదా మామా?” అంది కరుణ.

“ఇప్పుడు పడతాదమ్మా. పుంగనూరు దాటినాం కదా.”

కుప్పంలో చర్చి మెట్ల దగ్గర కారు ఆగగానే వరుడి తరఫువాళ్లు చుట్టూ మూగారు. పైకప్పు మీద పందిరి, తలుపులకు గులాబీలు, మూతికి తెగిన తీగలు, నమిలిన కాడలు, కారిన జొల్లు.

“ఇదేం డెకరేషన్ అమ్మా?” అని ఒకామె అడిగింది.

“మా మదనపల్లె పక్క ఇప్పుడిదే పద్ధతి” అంది యేసమ్మ, కొంగు సర్దుకుంటూ. కొంగు చిరగలేదు. ఆ తర్వాత కుప్పం వాళ్లు ఇద్దరు ముగ్గురు హనుమంతుకు ఫోన్ చేసి, ఆ కొరికినట్టుండే డిజైన్‌కు ఎంతవుతుందని అడిగారు.

కరుణ ముఖం ఉక్కకు కడిగినట్టు మెరిసిపోతోంది. పెండ్లికళ అన్నారందరూ. పాస్టరు అడిగినప్పుడు సమ్మతమే అని ఆమె చెప్పిన గొంతు గేటు బయట ఐస్‌క్రీం బండివాడికి కూడా వినబడింది.

శనివారం పొద్దున్నే ప్రేమానందం వాకిట్లో బోనెట్ లేచింది. లోకేష్ టీ అంగడి దగ్గర వీధంతా గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. శరత్ బాబు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెంబూ బ్రష్షూ పట్టుకుని మొదటి చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఆయన కొత్త కారు గేటు బయట నిలిపి ఉంది. దాని స్టీరింగ్ ముందు ఏదో పసుపు హెచ్చరిక దీపం వెలుగుతోందనీ, వచ్చినవాడు వచ్చినట్టే అది కూడా ఒకసారి బావకు చూపిద్దామనీ తెచ్చుకున్నాడు గాని, ఇంకా ఆ మాట ఎత్తలేదు.

ప్రేమానందం ఆయిల్ పుల్ల ఎండకు పట్టుకుని ఒక కన్ను మూశాడు. శనివారం పనిలో ఇప్పుడు కొత్తగా ఒకటి చేరింది. అన్నిటికంటే ముందు మూతి ముందు వంగి, జాలీలోకి ఉఫ్‌మని ఒకసారి ఊది చూస్తాడు.

శరత్ బాబు ముందు చక్రాలు రెండూ ముగించి, లేస్తూ లేస్తూ ఆ జాలీ దగ్గర ఆగాడు. సందులో ఎండిపోయిన చామంతి రెక్క ఒకటి ఇరుక్కుని ఉంది. దాన్ని గోటితో లాగి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తర్వాత బావ వైపు చూశాడు.

“బావా, ఒక మాట. ఆ పొద్దు ఆవులు మనకు అడ్డమొచ్చినాయా, మనం ఆవులకు అడ్డం పోయినామా?”

మెట్టు మీద మిరపనారుకు నీళ్లు పోస్తున్న యేసమ్మ చెంబు వంచడం ఆపింది.

ప్రేమానందం పుల్లను తుడిచి దాని చోట్లో దించి, బోనెట్ మెల్లగా మూశాడు.

“ఎనక చక్రాలకు ఇంకా బురద ఉండాది సూడప్పా” అన్నాడు. “వేళ్ల సందులు కూడా.”